అర గిద్ద చిక్కుడు గింజలు

పుష్పలత ఎవరితోనూ గొడవపడే మనిషి కాదు, బస్సులో కిటికీ సీటు విషయంలో తప్ప. ఖమ్మంలో ఖానాపురం హవేలి దగ్గర పొద్దున్నే బస్సెక్కితే, ఆ సీట్లో ఎంతటివాళ్ళు కూర్చున్నా సరే, "జర జరుగుతరా అన్నా, నాకు కళ్ళు తిరుగుతయ్" అని అబద్ధమాడి మరీ లేపేస్తుంది. కళ్ళు తిరగడం లేదు, పాడూ లేదు. కిటికీ లేకపోతే ఆమెకు కలలు రావు, అదీ అసలు సంగతి.

మేలుకుని కనే కలలవి. కారేపల్లి దాటేదాకా ఆమె మామూలు మనిషే. ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అని ఆలోచించే రకమే. మిర్చి చేలు, పత్తి చేలు వెనకబడి టేకు చెట్లు రోడ్డు మీదికి వంగే చోటు వచ్చిందంటే మాత్రం కళ్ళు సగం మూతలు పడతాయి. చలికాలం పొగమంచులో ఆ అడవికి మొదళ్ళు కనబడవు, కొమ్మలు మాత్రం తేలుతూ ఉంటాయి. ఆ తేలే కొమ్మల మధ్య పుష్పలతకు ఏవేవో కనిపిస్తాయి. చిన్నప్పటి కారేపల్లి ఇంటి వాకిలి, అమ్మ చాటలో చెరిగే బియ్యం, ఒక్కోసారి అంకెలు కూడా. అంకెలు చెట్టు దిగి వచ్చి దోసిట్లో కూర్చుంటాయట. ఈ మాట ఒకసారి భర్త ప్రభాకర్‌తో అంది. కరెంటాఫీసులో పనిచేసే మనిషి, ఆయనకేం తెలుస్తుంది అంకెలు దోసిట్లో కూర్చోవడం! "జీతమేమో బడిల తీసుకుంటవ్, నిద్ర మాత్రం ఆర్టీసీ బస్సుల పోతవ్" అని నవ్వాడు.

నవ్వితే నవ్వాడు గానీ, పుష్పలత లెక్కల టీచర్ అన్న సంగతి కంటే పెద్ద నవ్వులాట ఇంకోటి లేదు. ఎందుకంటారా? ఆమెకు లెక్కలంటే చచ్చేంత భయం. కారేపల్లి బడిలో చదివేటప్పుడు సారు బోర్డు మీద భిన్నాల భాగహారం చేశాడు. కిందిదాన్ని తిరగేసి గుణించాలి అన్నాడు. ఈ పిల్ల లేచి "ఎందుకు తిరగెయ్యాలె సార్?" అని అడిగింది. సారు సుద్దముక్కతో నెత్తిన ఒక్కటి మొట్టి, "చెప్పింది చెయ్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె చెప్పింది చేసింది. చెప్పింది చేసే పాసయింది, చెప్పింది చేసే ఉద్యోగం తెచ్చుకుంది, చివరికి అడవి అంచున ఊటవాగు గూడెం బడికి లెక్కల టీచరుగా వచ్చి, తనకు చెప్పిందే పిల్లలకు చెబుతోంది. మన దగ్గర ఇలాంటి చోద్యాలు తక్కువేం కాదులెండి.

ఊటవాగు కోయ గూడెం. పద్నాలుగు ఇళ్ళు, ఇళ్ళ చుట్టూ వెదురు దడులు, దడుల నిండా చిక్కుడు తీగలు. పిల్లలు తమలో తాము కోయలో మాట్లాడుకుంటారు, టీచరుతో తెలుగులో మాట్లాడతారు, లెక్కలతో మాత్రం అసలు మాట్లాడరు. వాళ్ళలో సారక్క అనే ఏడో తరగతి పిల్ల ఉంది. నాయనమ్మ కొండమ్మ దగ్గర పెరుగుతోంది. అమ్మానాన్నలు పని ఎక్కడుంటే అక్కడికి పోయేవాళ్ళు. పెద్ద కళ్ళు, గట్టి జడ, చూపు ఎప్పుడూ చెయ్యి మీదే. ఆ చేతికి ఏదో ఒకటి కావాలి, పుల్లో, ఆకో, రాయో. ఖాళీ చెయ్యి ఆ పిల్లకు పడదు.

ఒకరోజు పుష్పలత బోర్డు మీద అరను పావుతో భాగించి, అలవాటు కొద్దీ తిరగేసి గుణించి, జవాబు రెండు అని రాసింది. సారక్క లేచింది.

"టీచర్, భాగిస్తే తగ్గాలె గద? అరకంటె రెండు పెద్దది. ఎట్ల పెరిగింది?"

పుష్పలతకు నెత్తిన సుద్దముక్క దెబ్బ మళ్ళీ తగిలినట్టయింది. మొట్టలేదు, పాపం. మొట్టే మనిషి కాదు. "పరీక్షల గట్లనే చెయ్యాలె తల్లీ" అంది. సారక్క "అవ్ టీచర్" అని కూర్చుంది. ఆ కూర్చోవడంలో ఏదో ఆరిపోయింది. ఆ కూర్చోవడం పుష్పలతకు బాగా తెలుసు, తనూ ఒకప్పుడు సరిగ్గా అలాగే కూర్చుంది. సాయంత్రం బస్సులో ఏడుపొచ్చినంత పనయింది.

మర్నాడు పొగమంచులో ఆమెకు కనబడింది అంకె కాదు, అమ్మ వంటింటి గూట్లో ఉండే గిద్ద. చిన్న ఇత్తడి కొలత. దాని పక్కన సోల. సోలెడు బియ్యానికి నాలుగు గిద్దలు. అమ్మ గిద్దతో పోస్తుంటే బియ్యం జారే చప్పుడు చెవిలో వినబడింది. బస్సు దిగి ఆటో ఎక్కాక కూడా ఆ చప్పుడు పోలేదు. ఇందులో ఏదో ఉందని ఆమెకు అనిపించింది. ఏముందో మాత్రం ఇంకా తేలలేదు. తేలకుండానే క్లాసులోకి వెళ్ళి, "పిల్లలూ, వెదురుతోటి కొలతలు చేద్దామా?" అంది.

అబ్బో, ఆ గంట చూడాలి! ఎప్పుడూ గోడల్లా ఉండే పిల్లలు వాగు ఒడ్డుకు పరిగెత్తారు. కత్తి పట్టడం వాళ్ళకు నేర్పాలా? వెదురు కోసుకొచ్చి, కణుపు అడుగున ఉండేలా ముక్కలు చేశారు. పొడుగ్గా ఒకటి సోల. దాంట్లో సగం పొడుగు అర సోల. పావు పొడుగు గిద్ద. పొడుగులు కొలిచి కోశాం కాబట్టి ఇక తిరుగు లేదనుకున్నారు. వాగు ఇసుక పోసి చూస్తే నాలుగు గిద్దలకు సోల నిండలేదు. ఒకడిదైతే మూడు గిద్దలకే పొంగింది.

"లెక్క తప్పయింది టీచర్" అన్నారు పిల్లలు.

"లెక్క తప్పు కాలే" అంది సారక్క, రెండు ముక్కల్లోనూ వేళ్ళు పెట్టి చూస్తూ. "ఈ బొంగు లోపల ఇరుకు. ఆ బొంగు వెడల్పు."

పొడుగొక్కటే చాలదని, లోపలి ఖాళీ కూడా లెక్కేనని ఆ పూట పిల్లలకు ఎవరూ చెప్పలేదు, వెదురే చెప్పింది. బోర్డు మీద తప్పు రాస్తే టీచర్ దిద్దేదాకా అది ఒప్పులాగే ఉంటుంది. చేతిలో తప్పు అలా ఊరుకోదు, ఒళ్ళో ఇసుక పోసేస్తుంది. రోజుల తరబడి పిల్లలు గీకారు, అంచులు కోశారు, మళ్ళీ కొత్త బొంగు తెచ్చారు. పుష్పలత కూడా చెట్టు కింద కూర్చుని ఒకటి గీకింది, వేలు కోసుకుంది. ఆమెకు ఆ రోజులన్నీ కలలో జరిగినట్టే ఉన్నాయి. వెదురు పొట్టు ఎండలో ఎగురుతూ ఉండేది, ఎవరో ఒకరు కూనిరాగం తీస్తూ ఉండేవారు, సారక్క మళ్ళీ తలెత్తి చూడడం మొదలుపెట్టింది.

కొలతలు సరిపోయాయి గానీ, తడి ఇసుక బొంగులకు అంటుకుంటోంది. పుష్పలత సంబరంగా అంది: "రేపు తలా దోసెడు గింజలు తెండి. ఏ గింజలైనా సరే."

ఏ గింజలైనా సరే! ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, టీచర్ చూడలేదు.

మర్నాడు అందరూ బియ్యమో మక్కజొన్నలో తెచ్చారు. సారక్క మాత్రం గౌను ఒడి నిండా కొత్త చిక్కుడు గింజలు తెచ్చింది. దడి మీద ముదిరిన కాయలు కోసి ఒలిచింది. ఊదారంగు మచ్చలతో మెరిసిపోతున్నాయి. క్లాసు ఒక్కసారిగా మూగబోయింది. పుష్పలతకు ఆ నిశ్శబ్దం ముచ్చటలా అనిపించింది. "ఎంత ముద్దుగున్నయే!" అని వాటిని దోసిట్లోకి తీసుకుని మురిసిపోయి, అంతటితో ఆగితే పోయేది, పగటి భోజనం వేళకు వంటామెకిచ్చి సాంబార్లో వేయించింది.

పిల్లలు పళ్ళేల ముందు కూర్చున్నారు. ఒక్కరూ ముద్ద ఎత్తలేదు.

"ఏందిరా, గింత మంచి సాంబారు పెడితే నఖరాలు చేస్తుండ్రు?" అని పుష్పలత కసురుకుంది. "నేను తింటున్న గద!" అని అందరి ముందూ లొట్టలేసుకుంటూ తింది. సారక్క మాత్రం పళ్ళెం వదిలేసి గోడకు ఆనుకుని నిలబడింది.

సంగతి చెప్పింది వంటామె, గిన్నెలు తోమేటప్పుడు. ఇక్కడ కొత్త పంట ఏదైనా పండుగ చేసి వేల్పుకు పెట్టేదాకా ఎవరూ కొయ్యరు, తినరు. మామిడైనా అంతే, చిక్కుడైనా అంతే. చిక్కుడు పండుగ ఇంకా రాలేదు. "మరి ముందే చెప్పకపోతివా!" అని పుష్పలత లబోదిబోమంది. "మీరు టీచరాయె, ఎట్ల చెప్పాలె" అంది వంటామె. సారక్కకు ఆ కట్టుబాటు తెలియక కాదు. తెలిసే కోసింది. టీచర్ మాట కట్టుబాటు కంటే పెద్దదనుకుంది, అంతే.

మర్నాడు సారక్క బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గోడ పక్కన ఆ పిల్ల చేసిన గిద్ద ఒంటరిగా పడి ఉంది.

పుష్పలత గూడెంలోకి వెళ్ళింది. కొండమ్మ దడి దగ్గర కూర్చుని చాప అల్లుతోంది. సారక్క లోపలి నుంచి తొంగిచూసి వెనక్కి పోయింది.

"అవ్వా, తప్పు నాది. పిల్లది కాదు" అంది పుష్పలత.

కొండమ్మ చాప మీది నుంచి చూపు ఎత్తలేదు. "నువ్వు పట్నం దానివి, నీకు తెల్వదు. దానికి తెల్సు. తెల్సి కోసింది. రేపు ఇంట్ల ఎవలకన్న జరమొస్తె, పంట పోతె, నలుగురు దీన్నే అంటరు. పండుగైనంక మిర్చి ఏర పోయేటోళ్లతోటి పంపుత. గింత సదువు సాలు దీనికి."

పుష్పలత ఎన్నో చెప్పాలనుకుంది. పిల్ల తెలివైంది, చదివితే ఎక్కడికో పోతుంది, ఇలాంటివి. చదువు గొప్పదని చెప్పే నోటితోనే కదా ఆ సాంబారు తింది! తలొంచుకుని గూడెం పెద్ద జంపయ్య ఇంటికి నడిచింది.

జంపయ్య ముసలాయన, నెమ్మదస్తుడు. అంతా విని, చుట్ట ఆర్పి, "పంతులమ్మా, తప్పు చేసినోళ్లు తప్పు ఒప్పుకుంటె వేల్పు ఊకుంటది" అన్నాడు. "పండుగ నాడు రా. ఒక పుంజు తేవాలె. అందరి ముంగట ఒప్పుకోవాలె. నువ్వు, పిల్ల, ఇద్దరు."

"కొండమ్మవ్వ పిల్లను బడికి పంపుతదా తాతా?"

"అది నా సేతుల లేదు బిడ్డా. కొండమ్మ మాట కొండమ్మదే" అన్నాడు ఆయన.

పండుగ నాడు ప్రభాకర్ పొద్దున్నే వెళ్ళి ఎర్ర పుంజును తెచ్చి, కాళ్ళు కట్టి, సంచిలో పెట్టి భార్య చేతికిచ్చాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాడు పాపం. "లెక్కల టీచర్లకు గిది కొత్త ట్రైనింగా?" అన్నాడు. "నువ్వు మూస్కో" అంది పుష్పలత, జీవితంలో మొదటిసారి. బస్సులో పుంజు తల బయటపెట్టి కూసేసరికి కండక్టర్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఆడోళ్ళకైతె ఫ్రీ మేడం. మరి ఇది మొగది గద, దీనికి టికెట్ కొట్టాల్నా?" బస్సంతా గొల్లుమంది. పుష్పలత కూడా నవ్వింది గానీ, కిటికీ వైపు తిరిగాక ఆ నవ్వు నిలవలేదు. ఆ రోజు పొగమంచులో ఆమెకు ఏమీ కనబడలేదు. సారక్క మళ్ళీ బడికి వస్తుందా రాదా, అదొక్కటే.

గూడెం చివర మద్దిచెట్టు కింద డోలు మోగుతోంది. పొగ, సాంబ్రాణి, తడి మట్టి వాసన. జంపయ్య వేల్పు ముందు మొక్కి, పుంజును అందుకున్నాడు. పుష్పలత ముందుకొచ్చి చేతులు జోడించింది. "తెల్వక తిన్న. పిల్లతోటి కోయించిన. తప్పు నాదే" అంది. పక్కన సారక్క తల వంచుకుని ఏదో గొణిగింది. తర్వాత వండిన కొత్త చిక్కుడు జంపయ్య ఇద్దరి అరచేతుల్లోనూ పెట్టాడు. ఈసారి పుష్పలత కళ్ళు మూసుకుని తింది. ఉప్పు లేని ఆ గింజల రుచి ఆమెకు ఇప్పటికీ నోట్లో ఉందంటుంది.

తర్వాత వేల్పుకు పెట్టిన గింజలు ఇంటింటికీ పంచాలి. వాటిని విత్తనాల్లో కలుపుకుంటారు, అందుకే ఏ ఇంటికీ తక్కువ కాకూడదు. ఏటా ఇక్కడే పేచీ. జంపయ్య దోసిళ్ళతో పంచుకుంటూ వస్తాడు, చివరి ఇళ్ళకు వచ్చేసరికి చాప ఖాళీ అవుతుంది, ఆ ఇళ్ళ ఆడవాళ్ళు దుమ్మెత్తిపోస్తారు. పండుగ సగం ఆ తిట్లతోనే గడుస్తుంది. ఈసారి బడి పిల్లలు తమ వెదురు కొలతలు తెచ్చి జంపయ్య ముందు వరసగా పెట్టారు. ఎవరు చెప్పారో, ఎవరూ చెప్పలేదో.

జంపయ్య గింజలను సోలతో కొలిచి చూశాడు. మూడు సోలలు నిండాయి. మిగిలింది అర సోలకు సరిగ్గా వచ్చింది.

"ఇంటికో గిద్ద పోస్తె అందరికి వస్తయా, రావా?" అన్నాడు గడ్డం గోక్కుంటూ. "పోసి సూస్తె గాని తెల్వదు."

"వస్తయ్ తాతా" అంది ఒక గొంతు.

కొండమ్మ వెనకనుంచి సారక్క ముందుకొచ్చింది. అన్ని రోజుల తర్వాత ఆ పిల్ల గొంతు స్పష్టంగా వినడం పుష్పలతకు అదే మొదలు. సారక్క తను చేసిన గిద్దను వెతికి చేతిలోకి తీసుకుంది, ఆ చెయ్యి దానికోసమే ఎదురుచూసినట్టు.

"సోలకు నాలుగిండ్లు. మూడు సోలలకు పన్నెండిండ్లు. అర సోలకు ఇంకో రెండిండ్లు. మనం పద్నాలుగిండ్లే" అంది. అని, ఒక్క క్షణం గిద్ద వైపే చూస్తూ ఆగిపోయింది. తర్వాత తలెత్తి నేరుగా టీచర్ వైపు చూసింది. పెద్ద కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి.

"టీచర్! పెరిగింది గింజలు కాదు టీచర్. ఇండ్లు! కొలత చిన్నదైతె ఇండ్లు ఎక్కువైతయ్. పావు అంటె ఒక్కో సోలకు నాలుగిండ్లు. అందుకే తిరగేసి నాలుగుతోటి గుణిస్తం!"

డోలు మోగుతూనే ఉంది. పుష్పలతకు మాత్రం వినబడలేదు. కారేపల్లి బడిలో సుద్దముక్క దెబ్బ తిని కూర్చున్న పిల్ల, ఇన్నేళ్ళుగా లోపలే కూర్చుని ఉన్న పిల్ల, అప్పుడు లేచింది. అంత చిన్న సంగతా! దీనికా ఇన్నేళ్ళు భయపడింది! అందరూ చూస్తుండగానే ఆమె ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. "అవ్ తల్లీ, గదే. గదే" అంటోంది.

సారక్క పంచడం మొదలుపెట్టింది. గిద్ద నింపి, వేలితో అంచు చదును చేసి, ఒక్కో కొంగులో పోసింది. గింజలు జారే చప్పుడు, చిరుజల్లులా. చివరి ఇల్లు కొండమ్మదే. చాప మీద ఒక్క గింజ మిగలకుండా ఆ గిద్ద నిండింది. ఏ కొంగూ తక్కువ కాలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అలవాటు తప్పినందుకేమో కొందరు ఆడవాళ్ళు దిక్కులు చూశారు.

కొండమ్మ కొంగు పట్టలేదు. లేచి నిలబడి పుష్పలత వైపు చూసింది.

"పంతులమ్మ ఇల్లు లెక్కల పెట్టకపోతివేందే?" అంది మనవరాలితో.

"టీచరిల్లు ఖమ్మంల గదా అవ్వా."

"మన ముంగట తప్పు ఒప్పుకున్నది, మన వేల్పు ముంగట తిన్నది. మరి ఇల్లు మనది గాదా? పోయ్, ఆమెకు సుత పోయ్."

"గింజలు అయిపోయినయ్ అవ్వా. ఇది మన గిద్ద."

"మనది సగం చెయ్" అంది కొండమ్మ. "సగం ఆమెకు, సగం మనకు."

సారక్క చేతిలో నిండుగా ఉన్న గిద్దను చూసింది. వరసగా ఉన్న వెదురు ముక్కలను చూసింది. సోల ఉంది, అర సోల ఉంది, గిద్ద ఉంది. దానికంటే చిన్నది లేదు. కన్నుతో చూసి సగం పోస్తే పోయేదే, కానీ ఇన్ని కొలతలు చేసిన పిల్ల అలా పోస్తుందా?

"అర గిద్ద చెయ్యలే అవ్వా" అంది సిగ్గుపడుతూ.

కొండమ్మ కోపంగా మనవరాలి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. వేసిన చేత్తోనే జుట్టు సర్దింది.

"చెయ్యకపోతె ఇంట్ల కూసుంటె అయితదా? పొద్దుగాల బడికి పోయి చేస్కరా" అంది.